డాలర్ శనగల దొంగ

ఆ రోజుల్లో నాకు మనుషుల మీద నమ్మకం ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసు, కొత్త ఉద్యోగం, చేతిలో ఇంజనీరింగ్ పట్టా. ఎదుటివాళ్లు ఏం చెప్పినా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లోపల ఏదో మతలబు ఉందని తేల్చుకుంటే తప్ప నాకు తృప్తి కలిగేది కాదు. ఈ గుణం మా అవ్వ నుంచి వచ్చింది. ఆవిడ పాలలో వేలు ముంచి చూసి, ఆ తర్వాత పాలు పోసినాయన ముఖం చూసి, ముఖాన్ని బట్టే నీళ్లెన్నో చెప్పేది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ హాస్టల్లో ఆరేళ్లు చదువుకున్నప్పుడు నేను కొబ్బరినూనె సీసా మీద రోజూ పెన్నుతో గీత పెట్టేదాన్ని. మరునాటికి నూనె గీత కిందికి దిగి ఉండేది. (రాసుకునేది నేనేనన్న సంగతి లెక్కలోకి తీసుకోకుండా ముగ్గురు స్నేహితురాళ్లతో మాటలు మానేశాను.) అప్పట్లో నేను పూర్తిగా నమ్మింది ఒక్కదాన్నే, నేను రాసిన ప్రోగ్రామును. అందువల్ల ఒక మంచి మనిషికి ఎంత అన్యాయం జరిగిందో చెప్పుకోవడానికే ఇదంతా.

ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ల వీధికి రెండు సందుల అవతల ఒక షావుకారుకు శనగల వ్యాపారం ఉండేది. జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో పండే చిన్న ఎర్ర శనగలు, పులివెందుల వైపు నుంచి వచ్చే తెల్లని పెద్ద డాలర్ శనగలు, రెండూ ఆయన గోడౌనుకు చేరేవి. వాటిలో పుచ్చు గింజలూ మట్టిబెడ్డలూ ఏరి పారేసే మిషను బయటినుంచి తెప్పించుకోవడం ఆయనకు ఇష్టం లేదు. అమ్మేవాళ్ల మీద అనుమానం. “అదేదో ఈడనే చేసుకుందాం. మనకు సదువుకున్నోళ్లు లేరా, ఇనుము లేదా?” అని గోడౌను వెనక రేకుల షెడ్డులో ఇద్దరిని పనిలో పెట్టుకున్నాడు. చదువు కింద నన్ను, ఇనుము కింద కువైట్ మామను.

కువైట్ మామది పులివెందుల. కువైట్‌లో పదకొండేళ్లు వెల్డింగు పనీ గాలి పైపుల పనీ చేసి తిరిగొచ్చినాయన. సోమవారం పొద్దున బస్సుకు వచ్చి, వారమంతా షెడ్డు పక్క గదిలో ఉండి, శనివారం సాయంత్రం ఇంటికి వెళ్లేవాడు. చెవి మీద పెన్సిలు, భుజం మీద గళ్ల తువ్వాలు, నోట్లో ఏదో కూనిరాగం. నాకు పరిచయమైన మొదటి రోజునే చెప్పాడు. “పాపా, ఈ మిషిను తిరిగిందంటే నేను మల్ల కువైట్ పోయే పనిలేదు. తిరగలేదంటే ఏజెంటు కాసుకోని ఉండాడు. నా కూతురు ఫోన్లో అయితే గలగలా మాట్లాడతాది, ఎదురుగా కూచుంటే నోరు తెరవదు. ఇంగ రెండేండ్లు ఈడనే ఉంటే మాట్లాడతాదేమో సూడల్ల.” నేను సానుభూతిగా తల ఊపాను. ఊపుతూనే, మొదటి రోజే ఇంత సొంత సంగతి ఎందుకు చెప్పాడా అని ఆలోచించాను.

మిషను సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా తెలివితక్కువ మీకు పూర్తిగా అర్థం కాదు. పైన తొట్టిలో పోసిన శనగలు ఏటవాలు రేకు మీదుగా జారి కిందపడతాయి. దారిలో కెమెరా ఉంటుంది. కెమెరా కింద వరసగా సన్నని గాలిగొట్టాలు. పుచ్చు గింజ కనపడితే సరిగ్గా ఆ గొట్టం ఫట్‌మని గాలి ఊది దాన్ని పక్క డబ్బాలోకి తోస్తుంది. తొట్టీ, రేకూ, గొట్టాలూ మామవి. చూసి తేల్చే పని నాది. అందుకోసం నా సర్క్యూట్ బోర్డు మీద ఇద్దరు పనివాళ్లు ఉండేవారు. ఒకటి ప్రాసెసరు, ఏ గింజ మంచిది ఏది పుచ్చు అని తేల్చేది. రెండోది కెమెరా కోసమే తయారైన చిప్పు, దానికి ఆలోచన తెలియదు, మహావేగంగా బొమ్మలు పట్టుకుని మెమరీలో పెట్టడం ఒక్కటే తెలుసు. మొదట్లో ఇద్దరికీ వేరువేరు మెమరీలు. చిప్పు తన దగ్గర పెట్టిన బొమ్మను ప్రాసెసరు దగ్గరికి మోసుకొచ్చే లోపల గింజ కాస్తా బస్తాలో పడి కూర్చునేది. అప్పుడు నేను మధ్యలో ఈ మోత ఎందుకని పీకేసి, ఇద్దరికీ ఒకే మెమరీ, అందులోని అరలకు ఒకే అడ్రస్సులు ఏర్పాటు చేశాను. చిప్పు ఏ అడ్రస్సులో బొమ్మ పెడితే ప్రాసెసరు నేరుగా ఆ అడ్రస్సులోనే చూసుకుంటుంది. మిషను పరుగందుకుంది. (ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు, లోకంలో ఎప్పటినుంచో ఉన్నదే. ప్రొద్దుటూరులో మాత్రం నేనే కనిపెట్టినట్టు తిరిగాను.)

షావుకారు వచ్చి చూసి, అంతా విని, గడ్డం గోక్కున్నాడు.

“ఇద్దరికీ ఒకటే అర అంటాండావు. ఒకడు పెడతాంటాడు, ఇంకొకడు సూస్తాంటాడు. వాడు మార్చినేది వీనికెట్ల తెలుస్తాది?”

“అదంతా దానికే తెలుస్తుందండీ. మనం పట్టించుకోనక్కర్లేదు.”

“అట్లనా,” అని ఆయన నమ్మనట్టుగానే వెళ్లిపోయాడు. పదోక్లాసుతో చదువు ఆపేసినాయనకు ఇవి ఎక్కడ అర్థమవుతాయిలే అని నేను లోపల నవ్వుకున్నాను. ఆ ప్రశ్న ఎంత సరైనదో నాకు తెలియడానికి ఇంకా నెల పట్టింది.

మిషను తిరగడం మొదలైన వారానికే నాకు దొంగతనం కనపడింది. కెమెరా చూసిన బొమ్మలు నా స్క్రీను మీద కూడా వచ్చేవి. ఆ రోజు పొద్దున ఎర్ర శనగల బస్తా అయిపోయింది. మిషను కాసేపు ఆపాం. మామ డాలర్ శనగల బస్తా విప్పి తొట్టిలో పోశాడు. స్క్రీను మీద మొదటి బొమ్మల్లో తెల్లని డాలర్ శనగల మధ్య అక్కడక్కడా చిన్న ఎర్ర శనగలు కనపడ్డాయి. సీల్ వేసిన డాలర్ బస్తాలో ఎర్ర శనగలెట్లా వస్తాయి? ఎవరో ఖరీదైనవి కొన్ని తీసి, ఆ మేరకు చవకవి కలిపి ఉండాలి. మరునాడు మళ్లీ అంతే. తమాషా ఏమిటంటే బస్తా నడుస్తున్నంతసేపూ ఏమీ ఉండదు. సరిగ్గా బస్తా మార్చినప్పుడే తేడా వస్తుంది. బస్తాలు మార్చేది ఎవరు? కువైట్ మామ. మా అవ్వ బతికుంటే నన్ను చూసి మురిసిపోయేది.

ఇక అప్పటినుంచి నా కళ్లు మిషను మీద తక్కువ, మామ మీద ఎక్కువ. ఒక చిన్న నోటుపుస్తకం కొని ఆయన రాకపోకలన్నీ రాయడం మొదలుపెట్టాను. ‘పదిన్నర: బస్తా దగ్గర వంగినాడు. పదీ ముప్పై రెండు: లేచినాడు. ముఖం తుడుచుకున్నాడు. చెమటా, భయమా?’ అన్నది అందులో ఒక రోజు రాత. బస్తాల మూతి ముడులు నేనే నా పద్ధతిలో వేసి పెట్టేదాన్ని, ఎవరైనా విప్పి మళ్లీ కడితే పట్టుకుందామని. (ఆ ముడి ఎంత గట్టిదంటే చివరికి మామ కత్తితో కోయవలసి వచ్చేది. అది కూడా పుస్తకంలో రాశాను.) ఒక రోజు నా ఫోనును ఖాళీ గోనెసంచుల మధ్య దాచి వీడియో పెట్టి, ఏమీ ఎరగనట్టు బయటికి వెళ్లాను. సాయంత్రం ఆత్రంగా తెరిచి చూస్తే మూడు గంటల వీడియోలో మామ ఒక్కసారి కూడా బస్తాల వైపు రాలేదు. ఫోను పని చేస్తోందో లేదోనని పది నిమిషాలకోసారి వంగి వంగి చూసిపోతున్న నా ముఖం మాత్రం పదహారుసార్లు కనపడింది. దాన్నిబట్టి ఎవరైనా నన్ను అనుమానించవచ్చనే ఆలోచన నాకు రాలేదు.

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం ఇంకోటి ఉంది. గాలిగొట్టాలు తోసిపారేసిన గింజలు పక్క డబ్బాలో పడతాయి కదా, మామ రోజూ ఆ డబ్బాలోంచి గుప్పెడు తీసి అరచేతిలో పరిచి చూసి, కొన్నిటిని కాగితంలో పొట్లం కట్టి చొక్కా జేబులో వేసుకునేవాడు. ఒకటి రెండుసార్లు నన్ను పిలిచాడు కూడా. “పాపా, ఒకసారి లేసిరా. ఈ డబ్బాలో గింజలు సూడు. పుచ్చువి యాడుండాయి ఇందులో? మంచివాటినే తోస్తాంది.”

“స్క్రీన్ మీద పుచ్చు అని స్పష్టంగా కనపడింది మామా. అందుకే తోసింది.”

“స్క్రీన్లో కాదు పాపా, చేతిలో సూడు.”

“నీ గొట్టాలు పక్కకు ఊదుతున్నాయేమో చూసుకో.”

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, గొట్టాలన్నీ ఊడదీసి, మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కొక్కటే సరిచేశాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. నన్ను లేపి ఆ సమయంలో బస్తా దగ్గర ఏదో చేద్దామని ఎత్తు వేశాడని నాకు గట్టిగా తోచింది.

ఇట్లా ఉండగా జమ్మలమడుగులో మా షావుకారు స్నేహితుడి గోడౌనులో మిషను చూపించాలని నిర్ణయమైంది. అక్కడ బాగుందనిపించుకుంటే మరి నాలుగు మిషన్లు చేసే పని దొరుకుతుంది. మామకు ఆ రోజు పండుగే. ఉతికిన చొక్కా తొడుక్కుని, లారీలో మిషను పక్కనే నిలబడి, గొట్టాలకు దెబ్బ తగలకుండా చేతులు అడ్డం పెట్టుకుని వచ్చాడు. గోడౌనులో పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని చేటల్లో శనగలు ఏరుతున్నారు. హమాలీలు, ఇద్దరు ముగ్గురు వ్యాపారులు, దారిన పోయేవాళ్లు కూడా లోపలికి వచ్చి నిలబడ్డారు. ఏరేవాళ్లలో పెద్దవయసు అవ్వ ఒకావిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“మా కండ్ల కన్నా నీ మిషిన్ కండ్లు మంచివా పాపా?”

“చూడవ్వా, నీకే తెలుస్తుంది,” అన్నాను ధీమాగా.

మొదట ఎర్ర శనగలు పోశాం. బాగానే నడిచింది. తర్వాత మిషను ఆపి అందరికీ టీలు ఇచ్చారు. టీలయ్యాక మామ డాలర్ శనగలు పోశాడు. స్క్రీను మీద అందరి ఎదుట, తెల్లవాటి మధ్య ఎర్ర శనగలు! గొట్టాలు ఫట్ ఫట్‌మని ఊదడం మొదలుపెట్టాయి. ఒక వ్యాపారి నవ్వాడు. మా షావుకారు ముఖం మాడిపోయింది. నాకు రక్తం తలకెక్కింది. నా ప్రోగ్రామును పదిమంది ముందు నవ్వులపాలు చేశారన్న ఉక్రోషంతో, నెలరోజులుగా దాచుకున్నదంతా బయటపెట్టేశాను.

“మిషన్ తప్పు కాదండీ. బస్తాలో ఎర్ర శనగలు కలిపారు. నెలనుంచి నేను గమనిస్తూనే ఉన్నాను. బస్తా మార్చినప్పుడల్లా ఇదే జరుగుతోంది. అందరి జేబులూ చూడండి!”

అందరివీ అన్నాను, మామవి అనకుండా. అదొక మర్యాద అనుకున్నాను కాబోలు. హమాలీలు జేబులు తిరగదీశారు. ఏరే ఆడవాళ్లు కూడా నా వైపు అసహ్యంగా చూస్తూ కొంగు ముడులు విప్పి చూపించారు. ఆ పెద్దవ్వ ముడిలోంచి ఒక వక్కా, బస్సు టికెట్టూ పడ్డాయి. మామ వంతు వచ్చింది. ఆయన తనే పొట్లం తీసి బల్ల మీద పెట్టి విప్పాడు. తళతళలాడే డాలర్ శనగలు. నేను నోటుపుస్తకం కూడా తీసి షావుకారు చేతిలో పెట్టాను.

“ఇవి నీ మిషిన్ పారేసిన గింజలు పాపా,” అన్నాడు మామ. గొంతు పెరగలేదు. “నీకు సూపిద్దామని పెట్టుకోనుండా. నువ్వు సూడవు.”

పట్టుబడ్డవాళ్లు ఏదో ఒక సాకు సిద్ధంగా ఉంచుకుంటారని నాకు తెలుసు. షావుకారు పుస్తకం తిరగేస్తూ, తల ఎత్తకుండా, “ఈ పొద్దుకు నువ్వు ఇంటికి పో అప్పా. మల్ల మాట్లాడదాం,” అన్నాడు. మామ చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. స్పానరు దాని పక్కన పెట్టాడు. పులివెందుల వైపు బస్సు ఎక్కడానికి ఎండలో నడుచుకుంటూ వెళ్లిపోయాడు. న్యాయం గెలిచిందనుకుని ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. ఇది ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మరునాడు మిషను తిరిగి ప్రొద్దుటూరు షెడ్డుకు చేరాక బస్తాలు నేనే మార్చాను. నేనే మోసి, నేనే కోసి, నేనే పోశాను. ఎర్ర శనగలు అయ్యాక డాలర్ శనగలు పోసి స్క్రీను చూస్తే, తెల్లవాటి మధ్య ఎర్రవి. మామ పులివెందులలో ఉన్నాడు. షెడ్డుకు తాళం వేసింది నేను. తాళంచెవి నా మెళ్లో ఉంది. మొదట షావుకారును అనుమానించాను. (ఆయనకు ఇంకో తాళంచెవి ఉండవచ్చు.) తన శనగలు తనే ఎందుకు దొంగిలించుకుంటాడో మాత్రం తేలలేదు. తర్వాత మళ్లీ ఎర్ర శనగలు పోసి, మిషను ఆపి, తొట్టి పూర్తిగా దులిపి, రేకును గుడ్డతో తుడిచి, గింజ అన్నది లేకుండా చేసి, ఏమీ పోయకుండా ఉత్తినే మిషను వేశాను. ఖాళీ రేకు మీద, పట్టపగలు, స్క్రీనులో శనగలు కనపడ్డాయి. రేకు వైపు చూశాను. ఏమీ లేవు. స్క్రీను వైపు చూశాను. ఉన్నాయి. రేకు మీద తెల్ల కాగితం పరిచాను. స్క్రీనులో కాగితం మీద కూడా సగం సగం గింజలు. గాలిగొట్టాలు మాత్రం లేని పుచ్చు గింజల్ని చూసుకుని ఫట్ ఫట్‌మని కాగితాన్ని ఊదుతూనే ఉన్నాయి.

నేల మీద కూలబడి చాలాసేపు కూర్చున్నాక అసలు సంగతి అర్థమైంది. ప్రాసెసరుకు తన పక్కనే ఒక చిన్న సొంత అర ఉంటుంది. మెమరీలో ఒకసారి చూసినదాన్ని ఆ అరలో ప్రతి తీసి పెట్టుకుంటుంది. మళ్లీ అదే అడ్రస్సు కావలసివస్తే మెమరీ దాకా పోకుండా, వేగం కోసం తన అరలోని ప్రతినే చూసుకుంటుంది. చిప్పు ఆ అడ్రస్సులో కొత్త బొమ్మ పెట్టిందని ఎవరూ చెప్పకపోతే దానికి తెలియదు. పాత ప్రోగ్రాములో మోతపని చేసే భాగమే ‘పాత ప్రతి పారేసి మళ్లీ చూడు’ అని కూడా చెప్పేది. మోత ఎందుకని నేను పీకేసినప్పుడు ఆ మాట కూడా పోయింది. అందుకే కొత్త బొమ్మలో ముక్కలు ముక్కలుగా పాత బొమ్మ. ఒకే రకం శనగలు నడుస్తున్నంతసేపూ పాతదీ కొత్తదీ ఒకేలా ఉంటాయి కనక నాకు కనపడలేదు. బస్తా మారినప్పుడే బయటపడింది. రోజంతా గొట్టాలు ఎప్పుడో వెళ్లిపోయిన పుచ్చు గింజను తలుచుకుని ఎదురుగా ఉన్న మంచి గింజను తోసిపారేస్తూనే ఉన్నాయి. సరిచేయడానికి ప్రోగ్రాములో ఒక్క వరస రాస్తే చాలింది. పది నిమిషాల పని. తర్వాత జమ్మలమడుగు నుంచి సాక్ష్యంగా తెచ్చిన ఆ పొట్లం విప్పి, గింజలు అరచేతిలో పోసుకుని మొదటిసారి చూశాను. ఒక్కటంటే ఒక్కటి పుచ్చు లేదు. అప్పుడు ఏడుపు ఆగలేదు.

షావుకారుకు చెబితే ఆయన ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన ఎగరలేదు. “వాడు మార్చినేది వీనికెట్ల తెలుస్తాదని నేను ఆ పొద్దే అడిగితి గదా,” అన్నాడు. ఆ తర్వాత, “నాకు చెప్తే ఏమొస్తాది? యాడ చెప్పల్లో ఆడ చెప్పు పో,” అని లెక్కల పుస్తకంలోకి తల దించేశాడు.

మర్నాడు పొద్దున ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాను. దారి పొడవునా క్షమాపణ మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఒక్కటీ బాగాలేదు. మామ ఇంటి తలుపు ఆయన భార్య తీసింది. నేనెవరో చెప్పగానే ఆవిడ ముఖం మారిపోయింది. కానీ గడప దగ్గర నిలబెట్టి మాట్లాడలేదు, లోపల కుర్చీ వేసి నీళ్లిచ్చింది. “పాస్‌పోర్టు ఏజెంటుకు ఇచ్చొచ్చినాడమ్మా నిన్న,” అంది. “బిడ్డ రెండు దినాల నుంచి అన్నం తినల్యా.” తలుపు చాటు నుంచి ఒక పిల్ల నన్ను చూస్తోంది. ఆ చూపులో ఉన్నది అనుమానం కూడా కాదు, అది దాటి ఇంకేదో. మామ పెరట్లోంచి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నేను కూర్చిన మాటలన్నీ ఎటో పోయాయి. “మామా, తప్పు నాది. నువ్వు చెప్పిందే నిజం. నేను చూడలేదు,” అన్నాను.

“సారీ చెప్పేకి వచ్చినావా, పిలుచుకోని పోయేకి వచ్చినావా?”

“రెండింటికీ.”

ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “దొంగ అన్న మాట యాడ అంటివి?”

“జమ్మలమడుగులో.”

“ఎంతమంది ముందర?”

“చాలామంది...”

“అయితే ఈడ చెప్తే నాకు చెల్లదు పాపా. ఆ మాట పడిన చోటనే ఎత్తుకోవల్ల. వాళ్లందరూ ఉండేటప్పుడే. ఆ ఆడోళ్లతో కొంగులు ఇప్పిస్తివి గదా, వాళ్లు కూడా ఉండల్ల.”

అట్లా మరుసటి రోజు జమ్మలమడుగు గోడౌనులో నేను మళ్లీ నిలబడ్డాను. షావుకారు వచ్చాడు. మామ ద్వారం దగ్గర గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏరే ఆడవాళ్లు చేటలు పక్కన పెట్టలేదు, ఏరుతూనే విన్నారు. తప్పు నాదని ఒక్కమాట చెప్పి ముగిద్దామనుకున్నాను. పెద్దవ్వ ఒప్పుకోలేదు.

“తప్పెట్ల జరిగిందో చెప్పు. అప్పుడు గదా నమ్మేది.”

అడ్రస్సు, మెమరీ అని మొదలుపెట్టాను. ఎవరి ముఖంలోనూ ఏమీ లేదు. చివరికి చుట్టూ చూసి, దొరికింది పట్టుకున్నాను. “అవ్వా, మండీలో పొద్దున బోర్డు మీద శనగల రేటు రాస్తారు కదా. మా షావుకారు అది చూసి చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకుంటాడు. రోజంతా ఎవరడిగినా చీటీ చూసే చెబుతాడు. మధ్యాహ్నం బోర్డు మీద రేటు మారుస్తారు. ఆయన జేబులో చీటీ మారదు కదా. మిషన్లో కూడా అంతే. కెమెరా చిప్పు బోర్డు మీద కొత్త రేటు రాసింది. ప్రాసెసరు పాత చీటీ చూస్తూ కూర్చుంది.”

హమాలీలు షావుకారు జేబు వైపు చూసి ఘొల్లున నవ్వారు. ఆయన చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీదికి పోయింది. అవ్వ మాత్రం నవ్వలేదు.

“బోర్డు రాసినాయప్ప దొంగనా?”

“కాదవ్వా. సరిగ్గానే రాశాడు.”

“చీటీ సూసినాయప్ప?”

“అతనూ కాదు. చూసిందే చెప్పాడు.”

“ఇద్దరూ మంచోళ్లే. మరి తప్పెట్ల జరిగె? నడమ ఎవుడో ఒక దొంగ ఉండల్ల గదా.”

“నడుమ ఎవరూ లేరవ్వా. రేటు మారింది, మళ్లీ పోయి చూడమని చెప్పవలసింది నేను. చెప్పలేదు.”

అవ్వ చేటలోని గింజల్ని ఒకసారి ఎగరేసి పట్టింది. “అంటే నువ్వొకసారి లేసి డబ్బాలో సూసింటే సరిపోయేది.”

“అవును.”

“లేవలేదు.”

“లేవలేదవ్వా.”

“ఆయప్ప పిలిచినా లేవలేదు.”

నేను తల దించుకున్నాను. చేటల చప్పుడు ఆగిపోయింది. అంతవరకు నేను చెప్పిన క్షమాపణ అంతా ప్రాసెసరు తరఫున చెప్పినట్టుగా ఉందని నాకు అప్పుడే తెలిసింది. ద్వారం వైపు తిరిగాను. “మామా, నువ్వు దొంగవు కాదు. నెలరోజులు నీ ముఖం చూస్తూ ఒక్కసారి కూడా నిన్ను చూడలేదు నేను. అవ్వా, మీ అందరి కొంగులూ విప్పించాను. తప్పైపోయింది.”

మామ నెమ్మదిగా వచ్చి, బల్ల మీద మూడు రోజులుగా అట్లాగే పడి ఉన్న పెన్సిలు తీసి చెవి మీద పెట్టుకున్నాడు. ఫోను తీసి, అందరికీ వినపడేలా పెట్టి, ఏజెంటుకు చేశాడు.

“నా పాస్‌పోర్టు నాకు వాపస్ కావల్ల.”

“ఏం భాయ్, ఇట్లంటావు? మొన్ననే గదా ఇచ్చిపోతివి. ఆడ మంచి కంపెనీ. ఈడ ఏం దొరికిందని?”

మామ నా వైపు చూశాడు. “ఏం లేదప్పా. ఈడ మా దగ్గర ఒక ఇంజనీరు పాప ఉండాది. శానా సదివింది. గింజను చేతిలోకి తీసుకోని సూసేది మాత్రం తెలీదు. అది నేర్పిచ్చి వస్తా.”

గోడౌను పగిలిపోయేలా నవ్వారు. ఈసారి అవ్వ కూడా నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. క్షమాపణ చెప్పడం వేరు, పదిమంది ముందు పని రాదనిపించుకోవడం వేరు. తిరుగు బస్సులో మామ పక్కన చోటున్నా, మూతి ముడుచుకుని రెండు సీట్ల వెనక కూర్చున్నాను.

ఇది జరిగి ఎనిమిదేళ్లయింది. ఆ రేకుల షెడ్డులో మేమిద్దరం ఇప్పటికీ పనిచేస్తున్నాం. మామ కూతురు డిగ్రీకి వచ్చింది, ఇప్పుడు నోరు మూయడం లేదని మామే విసుక్కుంటాడు. ఏడాదికోసారి ఆ ఏజెంటు ఫోను చేస్తాడు, వస్తావా అని. మామ తువ్వాలు దులుపుకుంటూ, నా వైపు చూసి, “యాడప్పా, పాపకు ఇంకా పని రాలేదు,” అంటాడు. మొదటి రెండేళ్లూ ఆ మాటకు నాకు కోపం వచ్చేది. ఇప్పుడు ఆ మాట వినపడినప్పుడల్లా, రెండు సీట్ల వెనక కిటికీ వైపు తిరిగి కూర్చున్న ఆనాటి నేను గుర్తొచ్చి నవ్వొస్తుంది. నాకు పని వచ్చి చాలా కాలమైంది. ఆ సంగతి మామకు ఇంతవరకు చెప్పలేదు.